అక్షర నిక్షేపం: జావా, ఎక్స్‌ఎంఎల్‌లతో స్వేచ్ఛా విషయ నిర్వహణ

మన కళాశాల వార్షిక సంచికకు ముఖపత్రాలు రెండు. ఎడమ వైపు నుండి తెరచిన వారికి తెలుగు వ్యాసాలు, కుడి వైపు నుండి తెరచిన వారికి ఉర్దూ రచనలు ఎదురవుతాయి. రెండు భాషలూ మధ్య పుటలలో కలుసుకొంటాయి. అచ్చు పుస్తకంగా దీనికి ఏ లోపమూ లేదు. చేతితో పట్టుకొని ఏ వైపు కావాలంటే ఆ వైపు త్రిప్పుకొనవచ్చును. కాని సంచిక అచ్చయి పంచబడిన పిమ్మట ఆ అక్షరాలు ఎక్కడ నివసిస్తాయి అన్న ప్రశ్నను మనం ఇంతవరకు తగినంత శ్రద్ధతో వేసుకొన్నట్లు కనబడదు.

గత సంవత్సరం పాత సంచికల నుండి ఎన్నదగిన వ్యాసాలను ఏరి ఒక సంపుటం కూర్చవలెనని సంకల్పం కలిగినప్పుడు ఈ ప్రశ్న దానంతట అదే ఎదురుగా వచ్చి నిలిచింది. ముద్రణ నిమిత్తం కూర్పు చేసిన డిస్కులు కొన్ని భద్రంగానే ఉన్నవి. వాటిని నేటి కంప్యూటరులో తెరచి చూడగా తెలుగు పుటలు అర్థంలేని రోమను అక్షరాల గుంపుగా దర్శనమిచ్చినవి. ఉర్దూ పుటలైతే తెరచుకొననే లేదు. ఫైలు ఉన్నది, అందులో అక్షరం లేదు! చివరకు కాగితపు ప్రతులను ముందుంచుకొని మొదటి నుండి తిరిగి టైపు చేయించవలసి వచ్చినది. కాగితం కూడ మిగలని సంచికల మాట చెప్పనక్కరలేదు.

ఈ వైపరీత్యానికి కారణం తెలిస్తే ఈ వ్యాసంలో సగం తెలిసినట్లే. కంప్యూటరుకు అక్షరం తెలియదు, సంఖ్య మాత్రమే తెలుసును. ఏ సంఖ్యకు ఏ అక్షరం అన్నది మనుష్యులు చేసుకొన్న ఒడంబడిక. మన అచ్చుకూటాలలో చాలాకాలం వాడిన తెలుగు ఫాంట్లు రోమను అక్షరాలకు కేటాయించిన సంఖ్యలనే తీసుకొని, వాటి మీద తెలుగు బొమ్మలను అతికించినవి. ఆ ఫాంటు ఉన్నంతకాలం తెలుగు కనబడును. ఫాంటు పోయిన నాడు క్రింద దాగి ఉన్న రోమను అక్షరం బయటపడును. వేషం తీసివేసిన పగటి వేషగాని వలెనన్న మాట. ఒక్కొక్క ఫాంటు తయారీదారు ఒక్కొక్క రీతిలో అతికించడం వలన ఒకరి ఫైలు మరొకరికి పనికిరాదు. ఉర్దూ నస్తాలిఖ్ లిపి సంగతి ఇంకా జటిలం. ఆ లిపిలో ఒక మాటలోని అక్షరాలు ఏటవాలుగా క్రిందికి దిగుతూ, ఇరుగు పొరుగులను బట్టి రూపం మార్చుకొంటాయి. అందువలన ఉర్దూ కూర్పు సాఫ్ట్‌వేరులు తమ సొంత పద్ధతిలో, తమకే తెలిసిన రూపంలో ఫైళ్ళను భద్రపరచేవి.

1991లో వెలువడిన యూనికోడ్ ప్రమాణం ఈ అరాచకాన్ని తొలగించినది. ప్రపంచ లిపులన్నింటిలోని ప్రతి అక్షరానికి ఒక శాశ్వత సంఖ్యను అది నిర్ణయించినది. తెలుగుకు 128 గదులు గల ఒక వరుస ఇవ్వబడినది. ఉర్దూకు అరబ్బీ లిపి వరుసలోనే, దాని ప్రత్యేకాక్షరాలతో సహా, స్థానం లభించినది. 'శ్రీకాకుళం' అన్న మాటను యూనికోడ్‌లో వ్రాస్తే శకారం, పొల్లు, రేఫ, ఈకారపు గుడి మొదలుకొని చివరి సున్న వరకు మొత్తం పది సంకేతాలు అవుతాయి. 'విజయనగరం' అన్న మాటకు ఎనిమిది చాలును. సర్వత్ర వాడుకలో ఉన్న యుటిఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతం మూడు బైట్లు, ఒక్కొక్క ఉర్దూ సంకేతం రెండు బైట్లు ఆక్రమించును. కనుక శ్రీకాకుళానికి 30 బైట్లు, విజయనగరానికి 24 బైట్లు. ఏ ఫాంటు వాడినా, ఏ దేశపు యంత్రంలో తెరచినా ఈ సంఖ్యలు మారవు.

అయితే అక్షరం నిలిచినంత మాత్రాన గ్రంథం నిలువదు. ఒక పుటలో ఏది శీర్షిక, ఏది రచయిత పేరు, ఏది పద్యం, ఏది అధస్సూచిక అన్న జ్ఞానం కూడ నిలువవలెను. మనుష్యుడు పెద్ద అక్షరాలను చూచి ఇది శీర్షిక అని గ్రహించును. యంత్రానికి ఆ వివేకం లేదు. దానికి చెప్పి తీరవలెను. ఈ చెప్పే పద్ధతులలో మిక్కిలి వ్యాప్తి పొందినది ఎక్స్‌ఎంఎల్, అనగా విస్తరించుకొనుటకు వీలైన గుర్తుల భాష. 1986లో అంతర్జాతీయ ప్రమాణంగా వెలసిన ఎస్‌జిఎంఎల్ అను విస్తారమైన భాషను సులభతరం చేసి, సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థకు చెందిన జాన్ బోసాక్ నాయకత్వాన ఒక బృందం దీనిని రూపొందించగా, డబ్ల్యు3సి సంస్థ 1998 ఫిబ్రవరి 10న ప్రమాణంగా ప్రకటించినది.

ఉదాహరణకు, విజయనగరంలో నివసించిన గురజాడ వారి కథ 'దిద్దుబాటు' వివరాలను ఈ భాషలో ఇట్లు వ్రాయవచ్చును:

<కథ>
<శీర్షిక>దిద్దుబాటు</శీర్షిక>
<రచయిత>గురజాడ వెంకట అప్పారావు</రచయిత>
<పత్రిక>ఆంధ్రభారతి</పత్రిక>
<సంవత్సరం>1910</సంవత్సరం>
</కథ>

కోణపు కుండలీకరణాల మధ్య ఉన్నవి గుర్తులు, వాటి నడుమ ఉన్నది విషయం. వాలు గీతతో కూడిన గుర్తు ముగింపును సూచించును. తెరచిన ప్రతి గుర్తును విధిగా మూయవలెను. మూయనిచో యంత్రం ఆ ఫైలును అంగీకరించదు. గణితంలో కుండలీకరణాల నియమం ఎరిగిన వారికి ఇందులో క్రొత్త ఏమీ లేదు. గమనించవలసిన విశేషం మరొకటి ఉన్నది. పైన గుర్తుల పేర్లు తెలుగులో వ్రాసినది కేవలం మీకు బోధపడుటకు కాదు. ఎక్స్‌ఎంఎల్ ప్రమాణం గుర్తుల పేర్లను యూనికోడ్‌లోని ఏ లిపి అక్షరాలతోనైనా పెట్టుకొనుటకు అనుమతించినది. ఇదే కథను ఉర్దూలోకి అనువదించిన వారు గుర్తులను ఉర్దూలోనే పెట్టుకొనవచ్చును. కంప్యూటరు విద్యకు ఆంగ్లం తప్ప దారి లేదని నిరుత్సాహపడే విద్యార్థులు ఈ ఒక్క అంశాన్ని గుర్తుంచుకొన్నా మేలే. వాడుక భాషను పాఠశాలలోకి తెచ్చుటకు జీవితం ధారపోసిన గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టిన జిల్లా మనది కదా!

పై ఉదాహరణలో అక్షరాల పరిమాణం గురించి గాని, రంగు గురించి గాని ఒక్క మాట లేదు. అది లోపం కాదు, అదే దీని బలం. విషయం వేరు, వేషం వేరు. శీర్షికను ఎంత పెద్ద అక్షరాలతో చూపవలెను, తెలుగు పుటలో ఎడమకా, ఉర్దూ పుటలో కుడికా అన్నది ఎక్స్‌ఎస్‌ఎల్‌టి అను మరొక భాషలో, మరొక ఫైలులో వ్రాసి ఉంచుదురు. ఆ భాష 1999లో ప్రమాణమైనది. ఒకే విషయానికి ఒక వేషం తొడిగితే తెరపై పుట, మరొక వేషం తొడిగితే అచ్చుకు పోయే పుట, ఇంకొక వేషం తొడిగితే గ్రంథాలయ సూచిక తయారగును. వేషం మార్చదలచిన వారు వ్యాసాన్ని ముట్టుకొననక్కరలేదు.

ఇక ఈ పనులన్నింటినీ చేయుటకు యంత్రాన్ని నడిపే ప్రోగ్రాము కావలెను. ఇక్కడ జావా ప్రవేశించినది. 1995లో సన్ మైక్రోసిస్టమ్స్ వారు ప్రకటించిన ఈ భాషకు మూలపురుషుడు జేమ్స్ గోస్లింగ్. జావాలో వ్రాసిన ప్రోగ్రామును మొదట బైట్‌కోడ్ అను మధ్యమ రూపంలోకి మార్చుదురు. ఏ కంప్యూటరులో నడపవలెనో ఆ కంప్యూటరులో జావా వర్చ్యువల్ మెషీన్ అను ఊహాయంత్రం ఉండి ఆ మధ్యమ రూపాన్ని నడిపించును. అందువలన ఒక చోట వ్రాసిన ప్రోగ్రాము విండోస్ యంత్రంలోను, లినక్సు యంత్రంలోను మార్పు లేకుండ పని చేయును. పైగా జావా పుట్టుకతోనే యూనికోడ్‌ను స్వీకరించినది. ఎక్స్‌ఎంఎల్ కూడ యూనికోడ్‌నే ఆధారం చేసుకొన్నది. ఇట్లు రెండింటికీ ఒకే వర్ణమాల కావడం చేతనే విషయ నిర్వహణ వ్యవస్థలను నిర్మించిన వారు ఆ దశకంలో ఈ జంటను కోరి ఎన్నుకొన్నారు.

విషయ నిర్వహణ వ్యవస్థ అన్న మాటకు భయపడనక్కరలేదు. పత్రికా కార్యాలయంలో జరిగే పనినే ఇది యంత్రం ద్వారా జరిపించును. రచయిత రచనను పంపును, సంపాదకుడు పరిశీలించి సవరించును లేక త్రిప్పి పంపును, అంగీకరించినది ప్రచురితమగును, ప్రచురితమైనది బీరువాలో చేరును. ఎవరు ఏ పని చేయవచ్చునో, ఎవరు చేయరాదో అధికారాలు నిర్ణయించబడి ఉండును. ప్రతి సవరణకు పూర్వపు ప్రతి కూడ భద్రంగా ఉండును. 'కన్యాశుల్కం' 1897లో మొదట అచ్చయినప్పటి రూపం వేరు, 1909లో గురజాడ వారు విస్తరించి ప్రకటించిన రూపం వేరు. నేడు మనం చదివేది, ఆడేది రెండవదే అయినా పరిశోధకునకు మొదటిది లేకుండ గడవదు. మంచి వ్యవస్థలో క్రొత్త ప్రతి పాత ప్రతిని చెరపదు, దాని ప్రక్కన నిలుచును.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు అనగా ఉచిత సాఫ్ట్‌వేరు అని మాత్రమే అర్థం చేసుకొనే వారు కలరు. ధర లేకపోవడం దాని ఫలితాలలో ఒకటి, అంతే. ప్రోగ్రాము యొక్క మూల పాఠం అందరికీ తెరచి ఉండుట, దానిని చదువుటకు, మార్చుటకు, మార్చినది ఇతరులకు ఇచ్చుటకు హక్కు ఉండుట దీని లక్షణం. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ఉద్యమాన్ని ప్రకటించినారు. 'ఓపెన్ సోర్స్' అన్న పేరు మాత్రం 1998 ఫిబ్రవరిలో, ఎక్స్‌ఎంఎల్ ప్రమాణమైన నెలలోనే, పుట్టినది. జావాను సైతం సన్ సంస్థ 2006, 2007 సంవత్సరాలలో దాదాపు సంపూర్ణంగా స్వేచ్ఛా అనుమతి పత్రం క్రింద విడుదల చేసినది. తెరచుకొనని మన ఉర్దూ ఫైళ్ళను తలచుకొంటే మూల పాఠం విలువ బోధపడగలదు. ఫైలును ఎట్లు వ్రాసినారో తెలిపే పాఠం లోకానికి అందుబాటులో ఉండి ఉంటే, దానిని చదివే సాధనాన్ని ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు తయారు చేసుకొనగలిగేవారు.

ఈ కోవలోని వ్యవస్థలలో మొదట చెప్పదగినది అపాచీ కొకూన్. స్టెఫానో మజోక్కి ఆరంభించిన ఈ పనిలో విషయం ఒక కాలువలో నీటి వలె ప్రవహించును. మొదటి మెట్టులో ఎక్స్‌ఎంఎల్ పుట్టును, నడిమి మెట్లలో రూపాంతరం చెందును, చివరి మెట్టులో పాఠకునకు కావలసిన ఆకారంలో వెలువడును. ఈ కొకూన్ పునాది మీదనే అపాచీ లెన్యా అను విషయ నిర్వహణ వ్యవస్థ నిర్మితమైనది. జర్మనీకి చెందిన ఓపెన్‌సిఎంఎస్ కూడ జావాలో వ్రాయబడి, వ్యాసాలను ఎక్స్‌ఎంఎల్ నమూనాల ప్రకారం భద్రపరచును. స్విట్జర్లాండుకు చెందిన మాగ్నోలియా, ఇంగ్లండులో 2005లో ఆరంభమైన ఆల్‌ఫ్రెస్కో అను వాటిని గూర్చి పేర్కొని విడిచిపెట్టుచున్నాను. అవి పెద్ద వ్యాపార సంస్థల అవసరాల కొరకు పెరిగినవి.

వీటిలో లెన్యా నేడు జీవించి లేదు. పని చేసే వారు కరవై 2015లో అపాచీ సంస్థ దానిని అటక మీదికి చేర్చినది. ఇది విని స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును నమ్మరాదని కొందరు అనవచ్చును. నా అభిప్రాయం దీనికి విరుద్ధం. లెన్యా పోయినను, దానిలో ఉంచిన వ్యాసాలు సాదా ఎక్స్‌ఎంఎల్ ఫైళ్ళు కావడం వలన ఏ సామాన్యమైన సాధనంతోనైనా తెరచి చదువుకొనవచ్చును. ఇల్లు కూలినా సామాను దక్కినది. మన డిస్కుల విషయంలో ఇల్లుతో పాటు సామాను కూడ పోయినది. ఏ వ్యవస్థనైనా ఎంచుకొనే ముందు అడుగవలసిన మొదటి ప్రశ్న, రేపు ఇది ఆగిపోతే నా అక్షరాలు నా చేతికి ఏ రూపంలో వచ్చును అన్నదే. అందచందాల ప్రశ్న తరువాతిది.

విద్యాసంస్థలకు మిక్కిలి దగ్గరైనది డిస్పేస్. అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ గ్రంథాలయం, హ్యూలెట్-పాకార్డ్ సంస్థ కలిసి దీనిని 2002 నవంబరులో విడుదల చేసినవి. జావాలో వ్రాయబడిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఇది. మన దేశంలో పరిశోధన విద్యార్థులందరూ వినే శోధగంగ ఈ డిస్పేస్ మీదనే నడచుచున్నది. పరిశోధన గ్రంథాలను కంప్యూటరు ప్రతులుగా సమర్పించవలెనని విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం 2009లో నిబంధన చేయగా, గాంధీనగరులోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం శోధగంగను నిర్వహించుచున్నది. మన ఆంధ్ర విశ్వవిద్యాలయం గ్రంథాలు కూడ అందులో చేరినవి. ఒకప్పుడు విశాఖపట్నం వెళ్ళి, అనుమతి పొంది, గ్రంథాలయంలో కూర్చొని చూడవలసిన గ్రంథాన్ని నేడు పాలకొండలో కూర్చొని చదువవచ్చును.

డిస్పేస్‌లో అమరిక ఇట్లుండును. మొదట సముదాయం, దానిలో సంపుటాలు, సంపుటంలో అంశాలు, అంశంలో ఫైళ్ళు. మన కళాశాలను సముదాయంగా భావిస్తే వార్షిక సంచికలు ఒక సంపుటం, పాత ప్రశ్నపత్రాలు ఒక సంపుటం, ఒక్కొక్క వ్యాసం ఒక్కొక్క అంశం. ప్రతి అంశానికి ఒక వివరణ పత్రం ఉండును. దాని గళ్ళు డబ్లిన్ కోర్ అను పదిహేను మూలాంశాల పద్ధతి నుండి తీసుకొన్నవి. శీర్షిక, కర్త, విషయం, తేదీ, భాష మొదలైనవి. ఈ డబ్లిన్ ఐర్లండులోనిది కాదు, అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలోని ఊరు. 1995లో అక్కడ జరిగిన సమావేశంలో ఈ పద్ధతికి బీజం పడినది. వివరాలు డేటాబేస్‌లో నిలువ ఉన్నా, ఇతర గ్రంథాలయాలు వచ్చి అడిగినప్పుడు డిస్పేస్ వాటిని ఎక్స్‌ఎంఎల్ రూపంలోనే అందించును. 2008 నుండి చాలాకాలం దాని ఒక ముఖద్వారం పైన చెప్పిన కొకూన్ మీదనే నిర్మితమై ఉండేది. 2021లో వెలువడిన ఏడవ సంచికలో ఆ ముఖద్వారాన్ని తొలగించి క్రొత్త పద్ధతిలో కట్టినారు. లోపలి అంశాలను పారవేయలేదు, క్రొత్త సంచికకు మార్చుకొనే దారి చూపినారు.

వివరణ పత్రం నింపుట గుమాస్తా పని అని తేలికగా చూడరాదు. అసలు విద్వత్తు అక్కడే కావలెను. ఇందుకు మన శ్రీకాకుళంలోనే గొప్ప ఉదాహరణ ఉన్నది. ఉపాధ్యాయులుగా పని చేసిన కథారచయిత కాళీపట్నం రామారావుగారు అచ్చయిన ప్రతి తెలుగు కథను ఒక చోట చేర్చవలెనన్న పట్టుదలతో 1997 ఫిబ్రవరి 22న కథానిలయాన్ని నెలకొల్పినారు. వారు 2021లో కీర్తిశేషులైనారు. ఆ కథలను స్కాను చేసి ఇంటర్నెట్‌లో ఉంచే పని కూడ జరిగినది. కథలను సేకరించుట ఎంత కష్టమో, సేకరించిన దానిని వెదకినప్పుడు దొరికేటట్లు చేయుట అంత కష్టం. మాస్టారి పేరునే తీసుకొనండి. కొన్ని చోట్ల కాళీపట్నం రామారావు, కొన్ని చోట్ల కారా. విజయనగరం చాగంటి సోమయాజులుగారు చాసో. రాచకొండ విశ్వనాథశాస్త్రిగారు రావిశాస్త్రి. యంత్రానికి ఇవి ముగ్గురు మనుష్యులు కాదు, ఆరుగురు. ఉర్దూ కవుల తఖల్లుసు సంగతి వేరే చెప్పవలెనా? జన్మనామం ఒకటి, కలం పేరు ఒకటి, ఊరి పేరు తోక ఒకటి. అందువలన ప్రతి రచయితకు ఒక ప్రామాణిక రూపం నిర్ణయించి, తక్కిన పేర్లను దానికి ముడివేయవలెను. ముడివేయుటకు యంత్రం సాయపడును. ఎవరు ఎవరో చెప్పవలసినది సాహిత్యం చదివిన వాడే.

ఈ శ్రద్ధ లోపించిన చోట ఏమగునో భారత డిజిటల్ గ్రంథాలయం చరిత్ర చెప్పును. చిత్తూరు జిల్లాలో జన్మించిన, కంప్యూటరు శాస్త్రంలో ట్యూరింగ్ పురస్కారం పొందిన ఆచార్య రాజ్ రెడ్డిగారి ప్రేరణతో ఆ బృహత్కార్యంలో లక్షలాది గ్రంథాలు స్కాను చేయబడినవి. వాటిలో అలభ్యమైన తెలుగు, ఉర్దూ గ్రంథాలు ఎన్నో ఉన్నవి. కాని పేర్లను రోమను లిపిలో, తోచిన వర్ణక్రమంతో నమోదు చేయుట వలన కావలసిన పుస్తకం ఉండి కూడ దొరకని స్థితి ఏర్పడినది. పదేపదే స్పెల్లింగు మార్చి వెదకినవారికి ఆ బాధ తెలుసును. తరువాత ఆ జాలస్థలం మూతపడినది. అంతకు ముందే ప్రతులు వేరొక చోటికి, ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు, చేరడం వలన గ్రంథాలు దక్కినవి. పేర్ల తప్పులు కూడ వాటితో పాటే ప్రయాణించినవి.

మన వంటి రెండు లిపుల సంస్థకు ప్రత్యేకమైన చిక్కులు కొన్ని ఉన్నవి. ఉర్దూ కుడి నుండి ఎడమకు నడచును. కాని ఉర్దూ వాక్యంలో 1997 అని సంవత్సరం వ్రాస్తే ఆ అంకెలు ఎడమ నుండి కుడికే చదువబడును. నడుమ ఒక తెలుగు పదం వస్తే అది కూడ ఎడమ నుండి కుడికే. యూనికోడ్ దీనికి పరిష్కారం చూపినది. ఫైలులో అక్షరాలు పలికే క్రమంలోనే ఉండును, ఏ వైపు చూపవలెనో ప్రదర్శన వేళ నిర్ణయించబడును. ఎక్స్‌ఎంఎల్‌లో ప్రతి ఖండికకు ఇది తెలుగు, ఇది ఉర్దూ అని భాషా సంకేతం తగిలించవచ్చును. దానిని బట్టి ఫాంటు, దిశ నిర్ణయమగును. మరొక సూక్ష్మమైన చిక్కు 'యే' అక్షరం. అరబ్బీ 'యే', ఉర్దూ 'యే' పదమధ్యంలో కంటికి ఒకే తీరున ఉండును, కాని వాటి సంఖ్యలు వేరు. ఒక విద్యార్థి అరబ్బీ కీబోర్డుతోను, మరొకరు ఉర్దూ కీబోర్డుతోను టైపు చేస్తే ఒకే మాట రెండు మాటలగును, వెదికితే సగమే దొరకును. తెలుగులో చిక్కు విభక్తులది. 'శ్రీకాకుళం' అని వెదకిన వానికి 'శ్రీకాకుళంలో' దొరకవచ్చును గాని, సున్న కాస్తా 'శ్రీకాకుళానికి' అని మారిన చోట యంత్రం తెల్లమొగం వేయును. వ్యాకరణం చదివిన మన విద్యార్థులు ప్రోగ్రాములు వ్రాయు వారితో కలిసి చేయదగిన పని ఇందులో ఎంతో ఉన్నది.

కళాశాల కమిటీ వారి దృష్టికి కష్టనష్టాలు కూడ తేవలసి ఉన్నది. జావాలో నిర్మించిన వ్యవస్థలు బరువైనవి. డిస్పేస్ నడచుటకు గట్టి జ్ఞాపకశక్తి గల యంత్రం, లినక్సు తెలిసిన మనిషి, అంతరాయం లేని విద్యుత్తు కావలెను. సాఫ్ట్‌వేరు ధర శూన్యమే గాని మనిషి జీతం శూన్యం కాదు. కళాశాల ప్రకటనలు, ప్రవేశాల వివరాలు, ఫలితాలు చూపుటకు మాత్రమే అయితే ఇంత యంత్రాంగం అవసరం లేదు. ఆ పనికి పిహెచ్‌పి భాషలో నిర్మించిన వర్డ్‌ప్రెస్ వంటి తేలిక వ్యవస్థ చాలును. అట్లని సంచికలను కూడ అందులోనే పడవేయుట నాకు సమ్మతం కాదు. గోడ పత్రిక వేరు, గ్రంథ భాండాగారం వేరు. మన ఒక్క కళాశాల భరించలేని భారాన్ని ఈ మూడు నాలుగు జిల్లాల కళాశాలలు కలిసి ఒక సర్వరుతో మోయవచ్చును. డిస్పేస్‌లో ఒక్కొక్క కళాశాలకు ఒక్కొక్క సముదాయం ఏర్పరచుటకు వీలున్నది.

ఆ సర్వరు ఎక్కడ ఉన్నను దాని రెండవ ప్రతి సముద్ర తీరానికి దూరంగా మరొక ఊరిలో ఉండవలెను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ మన తీరాన్ని తాకినప్పుడు జరిగిన విధ్వంసం మన జిల్లాల వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. తడిసిన బీరువాలో కాగితం ఎట్లు ముద్ద కాగలదో, తడిసిన యంత్రంలో డిస్కు కూడ అట్లే పోగలదు.

సర్వరు వచ్చే వరకు చేతులు ముడుచుకొని కూర్చొననక్కరలేదు. రానున్న సంచికకు వ్యాసాలు పంపే విద్యార్థులు తెలుగైనా ఉర్దూ అయినా యూనికోడ్‌లోనే టైపు చేసి పంపవలెను. చేతివ్రాత ప్రతులను కూడ స్వీకరించెదము, టైపు మేమే చేయించెదము. ఉర్దూ వ్యాసాలకు ఉర్దూ కీబోర్డునే వాడవలెను. ప్రతి వ్యాసంతో పాటు శీర్షిక, రచయిత పూర్తి పేరు, కలం పేరు ఉంటే అది, తరగతి, భాష, తేదీ అను ఆరు వివరాలు వేరొక కాగితం మీద వ్రాసి జతపరచవలెను. అచ్చుకూటం నుండి పీడీఎఫ్‌తో పాటు యూనికోడ్ పాఠాన్ని కూడ తీసుకొనవలెనని ఒప్పంద పత్రంలో ఒక వాక్యం చేర్చవలసినదిగా కమిటీ వారికి మనవి చేయుచున్నాను. ఇళ్ళలో పాత సంచికల ప్రతులు గల పూర్వ విద్యార్థులు వాటిని గ్రంథాలయానికి కొద్ది రోజులు ఎరువుగా ఇచ్చినచో స్కాను చేసి పదిలంగా త్రిప్పి పంపగలము. ముఖపత్రం చిరిగిన ప్రతి అయినను ఫరవాలేదు, రెండు వైపుల పుటలూ ఉంటే చాలును.